పేరిన నూనె

అల్లవరం,
3 అక్టోబరు 2024.

చిరంజీవి భవానికి, మీ మామ్మ రత్నం రాస్తున్నది.

నువ్వు రైలెక్కి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. ఆ కొండల్లో ఫోను అందదనీ, పదిహేను రోజులకోసారి సామాను జీపు పైకి వస్తుందనీ, ఉత్తరం రాస్తే అందులో వస్తుందనీ చెప్పి వెళ్ళేవు. నేను చదివింది నాలుగో క్లాసు. పెన్ను పట్టి ఎన్నేళ్ళయిందో. తప్పులుంటే నవ్వుకో, ఎవరికీ చూపించకు. పైన అడ్రసు ఇంగ్లీషులో ఉండాలంట కదా, మన పోస్టుమేన్ బెన్నీ "ఆయ్, అది నేను రాసిపెడతానండీ, లోపలిది మీరు రాసుకోండి" అన్నాడు. మంచి పిల్లాడు.

భవానీ, అన్నం తింటున్నావా? అక్కడ రొట్టెలేనంటగా. జీపు వెళ్ళే దారి పక్కన లోయ ఉంటుందంట, టీవీలో చూపించేరు. ఎలుగుబంట్లు ఉంటాయంట. ఇవన్నీ ఒక ఎత్తు, ఆ నీళ్ళ చలి ఒక ఎత్తు. మంచు కరిగి వచ్చే నీళ్ళలో రోజూ చేతులు పెడతానని నువ్వు చెప్పిన రోజు నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

ఒక చేప కోసం అంత దూరం పోవాలా? మన కాలవలో చేదుపరిగెలు లేవా, బొమ్మిడాయిలు లేవా? పక్కింటి కాంతమ్మ అడిగింది, "మీ మనవరాలు అక్కడేం చేస్తాదండీ" అని. "చేపల్ని చూసుకుంటాది" అన్నాను. "చూసినందుకు జీతమా! మరి తినేవాళ్ళం మనకి ఎవరూ ఇవ్వరేం?" అంది. దానికి అన్నీ వెటకారాలే.

పార్సిలులో రెండు సీసాల కొబ్బరినూనె పంపేను. మిల్లుది కాదు. మన దొడ్లో కాయలే, కోరి, పాలు పిండి, పొయ్యి మీద కాచి తీసేను. నీళ్ళలో దిగేముందు చేతులకీ, మోచేతుల దాకా, పాదాలకీ పట్టించుకోవాలి. నూనె ఉంటే చలి లోపలికి పోదు. నువ్వు బద్ధకిస్తావు, నాకు తెలుసు. అందుకని నా మీద ఒట్టు. రోజూ రాసుకోవాలి. ఒక్క రోజు మానినా నా మీద ఒట్టే.

మీ అమ్మ మస్కట్ నుంచి ఆదివారం ఫోను చేసింది. నువ్వు బాగున్నావని చెప్పేను. నాకేం తెలిసిందని చెప్పేనో.

మీ మామ్మ

*

వాగు క్యాంపు,
హిమాచల్ ప్రదేశ్,
19 అక్టోబరు 2024.

మామ్మకి,

నీ ఉత్తరం చూసి జీపు దగ్గరే నిలబడి రెండుసార్లు చదివాను. తప్పులు నాలుగే ఉన్నాయి. మా ఆఫీసులో వచ్చే కాగితాల కంటే నయం.

అన్నమే తింటున్నాను. నా కోసం మా డ్రైవరు కింద ఊరి నుంచి బియ్యం తెస్తాడు. ఎలుగుబంటిని ఇంకా చూడలేదు. అది కూడా నన్ను చూడలేదు.

మా చేప గురించి చెబుతాను, కాంతమ్మ పిన్నికి కూడా చదివి వినిపించు. దాన్ని లోచ్ అంటారు. వేలెడంత ఉంటుంది. నోటి చుట్టూ ఆరు మీసాలు. ఒంటి మీద పులిచారలు. బొమ్మిడాయి పిల్లని కురచగా చేసి మీసాలు పెట్టినట్టు ఉంటుంది. మన చేపల్లాగా ఈదుతూ కనిపించదు. వాగు ఎంత జోరుగా పారుతున్నా రాయి కింద పొట్ట ఆనించి పడుకుంటుంది. చల్లటి నీళ్ళు ఉండాలి, పారుతూ ఉండాలి. నీళ్ళు వెచ్చబడినా చచ్చిపోతుంది, నిలిచిపోయినా చచ్చిపోతుంది. ఈ చారల రకం మాకు ఈ ఒక్క వాగులోనే దొరికింది. చుట్టూ ఉన్న ఏడు వాగుల్లో వెతికినా లేదు.

ఈ వాగుని కరెంటు కోసం కొండలోంచి సొరంగంలోకి మళ్ళిస్తున్నారు. జనవరి నెలాఖరుకి ఇక్కడ నీళ్ళుండవు. ఈలోపు దొరికినన్ని పట్టి తొట్లలో ఉంచి, వేసవిలో పైనున్న ఇంకో వాగులో వదలాలి. అదీ నా పని. పై ఊట నుంచి సన్న పైపుల్లో తొట్లకి నీళ్ళు వస్తాయి. పైపు మూతికి స్పాంజి ఉంటుంది. రోజూ తొట్లలో చేతులు పెట్టి రాళ్ళు ఎత్తి ఒక్కొక్కదాన్నీ చూడాలి. ఇవాళ్టికి నలభై ఒకటి.

నీ నూనె వచ్చింది. సీసాలో రాయిలా పేరిపోయి ఉంది! పొయ్యి పక్కన పెట్టి కరిగిస్తే గుడారమంతా మన వంటిల్లు వాసన. డ్రైవరు లోపలికి తొంగి చూసి ఇవాళ ఏం కూర అని అడిగాడు.

ఒక చిక్కుంది మామ్మా. చేపల్ని ముట్టుకునేటప్పుడు చేతులకి సబ్బుగానీ క్రీముగానీ ఏమీ ఉండకూడదని మా నరసింహమూర్తి సారు రూలు. ఒట్టు తప్పితే ఏమీ కాదని నాకు తెలుసు. కానీ ఆరో తరగతిలో కాలవ దగ్గరికి వెళ్ళనని నీ మీద ఒట్టేసి వెళ్ళాను, ఆ సాయంత్రమే నువ్వు పెరట్లో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నావు. అది తలుచుకుంటే చెయ్యి దానంతటదే సీసా మీదకి పోతోంది. అందుకని రాసుకుని, గుడ్డతో బాగా తుడిచేసుకుని, అప్పుడు దిగుతున్నాను. ఒట్టూ దక్కింది, రూలూ దక్కింది.

నీకు చలంటే ఎందుకంత భయం? మనకి ఎప్పుడైనా చలి పడిందా అసలు? నాన్న తుఫానులో పోయాడని మాత్రమే చెప్పావు. దానికీ దీనికీ ఏమైనా ఉందా?

నీ భవాని

*

అల్లవరం,
2 నవంబరు 2024.

చిరంజీవి భవానికి,

రాసుకుని తుడిచేస్తావా? తుడిచేస్తే ఇంక రాసుకున్నట్టెలా అవుతుంది? సారు మగాడు, చలికి చేతులు పగిలితే ఆయనకేం తెలుస్తుంది. కొబ్బరినూనె సబ్బూ కాదు, మందూ కాదు. పసిపిల్లల నోట్లో వేస్తాం. దానివల్ల చేపకేం అవుతుంది? తుడవడానికి వీల్లేదు. తుడవకూడదని కూడా నా మీద ఒట్టు. ఇంకో సీసా పంపుతున్నాను.

కాంతమ్మకి నీ ఉత్తరం చదివి వినిపించేను. "ఆరు మీసాలా! మా ఆయనకి రెండే ఉన్నాయి, ఆయన్ని పట్టలేకపోతున్నాను, మీ పిల్ల నలభై ఒకటి ఎలా పట్టిందండీ" అంది. చాలాసేపు నవ్వుకున్నాం. తర్వాత నాకు దిగులేసింది. వాటి వాగు వాటికి లేకుండా పోతుంటే మనం నవ్వేమే అని.

ఆ పిల్లలు ఏం తింటున్నాయి? తొట్లో ఉంటే అలవాటు పడ్డాయా? అన్నిటినీ ఒకే చోట పెట్టేవా, వేరే వేరేగానా? ఒకే చోట పెట్టకమ్మా, ఒకదానికి జబ్బు చేస్తే అన్నిటికీ అంటుతుంది. మన ఊళ్ళో రొయ్యల చెరువుల్లో అలాగే అవుతుంది. మొన్న బంగారరాజు గారి చెరువులో ఒక్క పూటలో మొత్తం తేలిపోయేయి. గట్టు మీద ఆయన తల పట్టుకుని కూర్చున్నారు.

మీ నాన్న సంగతి అడిగేవు. అది ఉత్తరంలో రాసేది కాదు. నీళ్ళొచ్చేయి, పోయేడు. అంతే. నాలుగు రోజుల్లో ఆ తేదీ వస్తుంది. ఈ నెల నాకు ఒంట్లో బాగుండదు. అడక్కు.

రాత్రుళ్ళు తలకి ఉన్ని గుడ్డ కట్టుకో. చెవుల్లోంచే చలి లోపలికి పోతుంది.

మీ మామ్మ

*

వాగు క్యాంపు,
20 నవంబరు 2024.

మామ్మకి,

జనవరిలో మూస్తామన్న వాగుని పోయిన మంగళవారమే మూసేశారు. మాకు చెప్పలేదు.

ఉదయం మెలకువ వచ్చింది. ఏదో తేడాగా ఉంది, ఏమిటో తెలియలేదు. కాసేపటికి తెలిసింది. చప్పుడు లేదు. రెండు నెలల నుంచి రాత్రింబవళ్ళు చెవుల్లో ఉన్న నీళ్ళ హోరు లేదు. బయటికి పరిగెత్తుకొచ్చి చూస్తే వాగు లేదు. తడిరాళ్ళు ఉన్నాయి. మధ్యలో అక్కడక్కడా మడుగులు. పైన ఇసుక బస్తాలు వేసి నీళ్ళని సొరంగంలోకి తిప్పేశారు.

బకెట్లు తీసుకుని నేనూ సారూ డ్రైవరూ రాళ్ళ మీద పడుతూ లేస్తూ పరిగెత్తాం. రాయి ఎత్తితే కింద ఉండేది. పరిగెత్తదు మామ్మా అది, పారిపోవడం దానికి తెలియదు. ప్రమాదం వస్తే ఇంకా గట్టిగా రాయికి అంటుకుని పడుకుంటుంది. నీళ్ళు ఇంకిపోతున్నా అలాగే పడుకుని ఉన్నాయి, వాగు మళ్ళీ వస్తుందన్నట్టు. సాయంత్రానికి మడుగులు ఎండిపోయాయి. ఇరవై రెండు బతికినవి దొరికాయి.

ముందు పట్టిన నలభై ఒకటితో కలిపి మొత్తం అరవై మూడు. ఇవి తప్ప ఇంక ఎక్కడా ఉన్నట్టు మాకు తెలియదు. సారు తొట్ల ముందు నిలబడి, "భవానీ, మొత్తం వాగు ఈ నాలుగు తొట్లలో ఉంది" అన్నారు. ఆయన అలా మాట్లాడే మనిషి కాదు.

నువ్వు చెప్పినట్టే వేరే వేరేగా పెట్టాను. అన్నిటికీ నీళ్ళు మాత్రం ఒకే పైపు నుంచి చీల్చి ఇస్తున్నాం, ఇక్కడ ఊట ఒక్కటే ఉంది. ఒకదాని పొట్టలోంచి పసుపుపచ్చగా గుడ్లు కనిపిస్తున్నాయి. డ్రైవరు దానికి రాణీ అని పేరు పెట్టాడు. ఏప్రిల్లో పెడుతుందని ఆశ.

ఇప్పుడు పని రెట్టింపయింది. రోజుకి పది పన్నెండు సార్లు తొట్లలో చేతులు పెడుతున్నాను. నూనె రాసుకుంటున్నాను, తుడవడం లేదు. నువ్వన్నది నిజమే, చేతులు పగలడం తగ్గింది. కంగారు పడకు.

నీ భవాని

*

అల్లవరం,
1 డిసెంబరు 2024.

చిరంజీవి భవానికి,

నీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. పొయ్యి మీద పప్పు పెట్టి చదవడం మొదలెట్టేను, పప్పు మాడిపోయింది. ఇల్లంతా పొగ. కాంతమ్మ పరిగెత్తుకొచ్చి "ఏమైందండీ, ఎవరికేమైంది" అంది. "వాగు పోయింది" అన్నాను. అది నా మొహం చూసి వెటకారం ఆడకుండా పొయ్యి ఆపి కూర్చుంది.

నీళ్ళు పోయినప్పుడు చప్పుడు ఉండదని రాసేవు. నాకు తెలుసమ్మా ఆ తెల్లవారడం ఎలా ఉంటుందో. పిట్ట కూడా అరవదు. ఇంక రాయను.

రాణీని జాగ్రత్తగా చూసుకో. గుడ్లతో ఉన్నదాన్ని ఊరికే ముట్టుకోకూడదు, బెదురుతుంది. మీ అమ్మ నిన్ను మోసేటప్పుడు నేను గట్టిగా తలుపు కూడా వేసేదాన్ని కాదు. దాని తొట్టి నీడలో పెట్టు. ఎవరి కళ్ళూ పడనీకు.

పన్నెండు సార్లు చేతులు పెడితే పన్నెండు సార్లూ రాసుకోవాలి, ఒక్కసారి రాస్తే మూడో మునకకే పోతుంది. సీసాలు సరిపోతాయా? ఇంకో రెండు కాస్తున్నాను. ఈసారి కాయల్లో నూనె బాగా పడింది.

మీ మామ్మ

*

వాగు క్యాంపు,
14 డిసెంబరు 2024.

మామ్మకి,

చేపలన్నీ చనిపోయాయి. సోమవారం తెల్లవారుజామున.

నేను బాగానే ఉన్నాను. నూనె ఇంక పంపకు, ఇక్కడ చాలా ఉంది.

భవాని

*

అల్లవరం,
24 డిసెంబరు 2024.

అమ్మా భవానీ,

నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటే నేనేమైపోవాలి? అన్నీ అంటే అన్నీనా? రాణీ కూడానా? గుడ్లతోనే?

నీకు జ్వరమేమైనా వచ్చిందా? పడ్డావా? చేతికి దెబ్బ తగిలి రాయలేకపోయేవా? ఉత్తరం తిప్పి తిప్పి చూసేను, అక్షరాలు వంకర లేవు. బెన్నీని అడిగేను, అక్కడికి ఫోను చేసే దారి ఏదైనా ఉందా అని. "ఆఫీసు నంబరు ఉంటే కనుక్కుందామండీ" అని కింద ఊళ్ళో ఎవరికో చేసేడు. హిందీలో ఏదో మాట్లాడి, "మేడంగారు క్షేమమేనంటండీ, పనిలోనే ఉన్నారంట" అన్నాడు. అప్పుడు కాస్త మంచినీళ్ళు తాగేను.

ఒట్టు తప్పేవా? తప్పితే నాకేదో అవ్వాలి కదా. నేను గుండ్రాయిలా ఉన్నాను. అంటే నువ్వు తప్పలేదు. మరి ఎందుకిలా అయింది?

నాకొకటి తోస్తోంది. నోరు పారేసుకున్నది నేనే. అరవై మూడు పిల్లలనీ, ఒకటి గుడ్లతో ఉందనీ కాంతమ్మకి చెప్పేను, పాల కేంద్రం దగ్గర సూరమ్మకి చెప్పేను, ఆఖరికి గేసు బండివాడికి కూడా చెప్పేను. నా మనవరాలి పని అంత గొప్పదని చెప్పుకోవాలని ఉంటుంది కదా. దిష్టి తగిలింది. నిన్న ఆ చేపల పేరు చెప్పి ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేను. పోయినవాటికి దిష్టి తీస్తారా అని కాంతమ్మ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో.

నీ ఉత్తరంలో "నూనె ఇంక పంపకు" అన్నావు. ఎప్పుడూ ఏది పంపినా వద్దనవు కదా నువ్వు. నామీద కోపమా? ఏం జరిగిందో నాకు రాయి. భయపడతానని దాచకు. దాస్తే ఇంకా పెద్దవి ఊహించుకుంటాను.

మీ మామ్మ

*

వాగు క్యాంపు,
5 జనవరి 2025.

మామ్మకి,

నీ మీద కోపం లేదు. దిష్టీ లేదు, కాంతమ్మ పిన్నిని ఏమీ అనకు.

ఆ రాత్రి పైపులో నీళ్ళు ఆగిపోయాయి. స్పాంజి లోపల తెల్లగా మైనంలాంటిది పేరుకుని మూసుకుపోయింది. నాలుగు తొట్లకీ నీళ్ళు అందులోంచే వెళ్ళాలి. తొట్లలో నీళ్ళు నిలిచిపోయి, ఊపిరాడక పోయాయి. నీళ్ళు ఖాళీ అవలేదు, నిండుగానే ఉన్నాయి. అన్నీ రాళ్ళ కిందే ఉన్నాయి. ఒక్కటీ పైకి రాలేదు.

స్పాంజి కడగడం నా పని. రోజూ పిండి పెట్టేదాన్ని, చన్నీళ్ళలో. పిండితే సరిపోతుందనుకున్నాను. పొరపాటు నాదే, సారుకి అదే చెప్పాను. ఆయన తిట్టలేదు. చచ్చిపోయినవాటిని ఒక్కొక్కటీ కొలిచి, సీసాల్లో పెట్టి, మీద చీటీ అంటించారు. నన్ను చీటీలు రాయమన్నారు. అరవై మూడు చీటీలు రాశాను.

వేసవితో ప్రాజెక్టు అయిపోతుంది. ఇక్కడ కాపలా కాయడానికి ఇప్పుడేమీ లేదు కాబట్టి నన్ను ముందే వెళ్ళిపొమ్మన్నారు. నేను వెళ్ళనన్నాను. పైన మేం చూడని చిన్న వాగులు రెండు ఉన్నాయి. దారి మూసేంత మంచు పడే వరకూ వాటిల్లో వెతుకుతాను.

వివరం అడిగావు కాబట్టి రాశాను. ఇంతకంటే ఏమీ లేదు. మందులు వేసుకుంటున్నావా?

భవాని

*

అల్లవరం,
22 జనవరి 2025.

చిరంజీవి భవానికి, మీ మామ్మ రాస్తున్నది.

నీ ఉత్తరం వచ్చి ఎనిమిది రోజులయింది. ఎనిమిది రోజులూ ఆ మైనం గురించే ఆలోచించేను. తేనెపట్టు లేదు, కొవ్వొత్తి లేదు, ఆ కొండ మీద పైపులోకి మైనం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడ కూడా తెల్లవారి మంచు పడుతోంది. మొన్న తల దువ్వుకుందామని సీసా వంచితే నూనె పడలేదు. పేరుకుపోయింది. తెల్లగా, మైనంలాగా. సీసా చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. నువ్వు అక్టోబరులోనే రాసేవు, సీసాలో రాయిలా పేరిపోయిందని. చదివి నవ్వుకున్నాను కూడా.

అయినా మనసు ఒప్పుకోలేదు. బంగారరాజు గారి దగ్గర రొయ్యలకి వేసే ఐసు ఒక గడ్డ అడిగి తెచ్చుకున్నాను. "ఏంటి రత్నమ్మగారూ, ఈ చలిలో సోడా కొట్టు పెడతారా" అన్నారు. బేసినులో నీళ్ళు పోసి ఐసు వేసి, చేతులకి నూనె రాసుకుని నువ్వు పెట్టినట్టు పన్నెండు సార్లు పెట్టేను. తర్వాత ఆ నీళ్ళని పాత పంచె ముక్కలోంచి వడపోసేను. గుడ్డ మీద ఉప్పురవ్వలా తెల్లగా మిగిలింది. వేలితో నలిపితే కరిగి నూనెయింది. వాసన చూసేను. నా దొడ్లో కాయే.

గుడ్డని చన్నీళ్ళలో ఎంత పిండినా పోలేదు. ఒక్క పూటకే అలా ఉంటే, నువ్వు నెల రోజులు ఆ చేతులతోనే స్పాంజి కూడా పిండేవు.

తుడుచుకుంటున్నానని నువ్వు రాస్తే, తుడవద్దని ఒట్టు పెట్టింది నేను. నీకు అప్పుడే తెలిసింది కదా, స్పాంజి చూసిన రోజే. మీ సారుకి కూడా తెలిసే ఉంటుంది. నా పేరు చెప్పకుండా నెత్తిన వేసుకున్నావు. నేను దిష్టి అని రాస్తే దానికి కూడా నెమ్మదిగా జవాబు రాసేవు.

నువ్వొకటి దాచేవు. నేను ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒకటి దాచేను. ఇప్పుడు రాస్తున్నాను.

మీ నాన్న బాబ్జీ నీళ్ళలో కొట్టుకుపోలేదు. నీకప్పుడు మూడో నెల. గాలికి ఇంటి గోడ పడిపోయింది. సముద్రం నీళ్ళు గుండెల దాకా వచ్చేయి. నేనూ మీ అమ్మా పడిపోయిన గోడ మీద ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని కూర్చున్నాం. మీ నాన్న నిన్ను ఇత్తడి గంగాళంలో పడుకోబెట్టి, పైన యూరియా గోతం కప్పి, నెత్తిన పెట్టుకుని, నడుముకి తాడేసి కొబ్బరిచెట్టుకి కట్టుకుని నిలబడ్డాడు. ఎంతసేపో తెలీదు. వాన, గాలి. నేను అరుస్తుంటే పలికేడు. "పాప తడవలేదే అమ్మా" అని. అలా చాలాసార్లు అన్నాడు.

తెల్లారేసరికి నీళ్ళు తీసేయి. వాడు నిన్ను మీ అమ్మకిచ్చి, కాలవగట్టు మీదకి నడిచొచ్చి కూర్చున్నాడు. కాళ్ళు ముట్టుకుంటే రాయి. పెదాలు నల్లగా అయిపోయేయి. వణుకు కూడా లేదు. నూనె పట్టించి రుద్దితే వేడి పుడుతుందని, "ఉండరా, నూనె తెస్తాను" అని లేచేను. ఇల్లిల్లూ తిరిగేను. ఇళ్ళు లేవమ్మా. చుట్టూ వేల కొబ్బరికాయలు రాలి పడున్నాయి, ఒక్క చెంచాడు నూనె లేదు. నిప్పు లేదు. తిరిగొచ్చి వట్టి చేతులతోనే రుద్దేను. నా అరచేతుల తోలు ఊడిపోయింది. "పాప తడిసిందా?" అన్నాడు. "లేదురా" అన్నాను. ఎండ చెట్ల పైకి రాకముందే పోయేడు.

నూనె తెస్తానని వెళ్ళి వట్టి చేతులతో వచ్చేను కదా, అది నాకు తీరలేదు. నీ కోసం నిలబడి పోయేడని నీకు చెబితే ఆ బరువు నువ్వు మోయాలని చెప్పలేదు. చెప్పకుండా నూనె చేసి పంపేను. నువ్వు ఆ బరువే మోసేవు, పేరు తెలీకుండా.

ఆ గట్టు మీదకి నేను మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు. పాల కేంద్రానికి కూడా రోడ్డు చుట్టూ తిరిగి వెళతాను, నీకు తెలుసు, నా మోకాళ్ళ నొప్పులనుకునేదానివి. నిన్న పొద్దున్న వెళ్ళేను. కాంతమ్మ చెయ్యి పట్టుకుంది. మిగిలిన రెండు సీసాలూ తీసుకెళ్ళేను. వాడు కూర్చున్న చోట దింపి, నిలబడి, పైకి అన్నాను: "భవానికి పెట్టిన రెండు ఒట్లూ తీసి గట్టున పెడుతున్నాను" అని. ఒట్టు తీసెయ్యాలంటే మనం అలాగే అంటాం కదా, ఇంట్లో కూర్చునే అంటాం. నేను వెళ్ళి అన్నాను. కాంతమ్మ కళ్ళు తుడుచుకుంది. సీసాలు అక్కడే వదిలేసి వచ్చేం. ఇంటికొచ్చేక మళ్ళీ దిగులు పట్టింది, ఎవరైనా కాలవలోకి తన్నేస్తే అందులో చేపలు చచ్చిపోతాయేమోనని. మళ్ళీ వెళ్ళి తెచ్చేసేను. ఒట్లు మాత్రం అక్కడే ఉన్నాయి.

మీ సారుకి నా పేరు చెప్పు. ఫలానా ఊళ్ళో ఒక ముసలిది, తెలీక చేసిందని చెప్పు. ఆ చేపలకి ఎవరికి చెప్పుకోవాలో నాకు తెలీదు. రోజూ అన్నం కలుపుకునేటప్పుడు గుర్తొస్తున్నాయి. రాయికి అంటుకుని పడుకుని ఉంటాయన్నావు కదా, వాగు మళ్ళీ వస్తుందని.

ఇప్పుడు నీకు ఏం పంపాలో తెలీడం లేదు. పార్సిలు అట్టపెట్టె ఖాళీగా ఉంది. ఉన్ని చేతిజోళ్ళు పంపుదామంటే అవి కూడా నీళ్ళలో పనికిరావంటాడు బెన్నీ. ఏమీ పంపడం లేదు. ఏదీ రాసుకోకు, ఏ ఒట్టూ లేదు. ఒక్కటే అడుగుతున్నాను, ఒట్టు కాదు. చలిగా ఉంటే చలిగా ఉందని రాయి. బాగానే ఉన్నానని రాయకు.

మీ మామ్మ

*

పై వాగు దగ్గర,
6 ఫిబ్రవరి 2025.

మామ్మా,

ఇవాళ నూట పద్నాలుగు రాళ్ళు ఎత్తి చూశాను. ఏ రాయి కిందా లేదు. రేపు ఇంకో మలుపు పైకి వెళతాను. పైన మబ్బు దిగుతోంది, ఇంకెన్ని రోజులో తెలియదు.

సారుకి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆయనది కాకినాడ, ఆ తుఫాను ఆయనకీ తెలుసు. తర్వాత నా చీటీల్లో ఒకటి తీసి, రాణీది, దాని వెనకాల ఏదో రాశారు. ఏం రాశారో నేను చూడలేదు.

ఉత్తరం అందిన మర్నాడు, ఒట్టు పోయింది కాబట్టి, నీ నూనె వచ్చాక మొదటిసారి వట్టి చేతులు నీళ్ళలో పెట్టాను. వంద లెక్కపెట్టే వరకూ తియ్యకూడదనుకున్నాను. ముప్ఫై దగ్గర తీసేశాను. నాన్న ఎంతసేపు నిలబడ్డాడో నీకు తెలియదన్నావు. నాకు లెక్క కట్టాలని ఉంది, ధైర్యం లేదు.

చాలా చలిగా ఉంది, మామ్మా.

భవాని